లిఫ్ట్ చేసిన బండికి సీవీ బూట్లు మాటిమాటికీ చిరుగుతుంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను. పికప్‌కు 3 అంగుళాల లిఫ్ట్ వేయించారు (అంటే సస్పెన్షన్ దగ్గర బండిని అంత పైకి లేపించారు), ఏడాది తిరక్కుండానే ముందు రెండు పక్కలా లోపలి సీవీ బూట్లు (యాక్సిల్ చివర వంగుతూ తిరిగే సీవీ జాయింట్‌ను కప్పి, గ్రీజు బయటికి పోకుండా ఉంచే మడతల రబ్బరు తొడుగులు) చిరిగాయి, కొత్తవి వేయిస్తే అందులో ఒకటి మళ్లీ పోయింది. రాళ్లు తగలకుండా అడ్డు ప్లేట్లు ఏమైనా ఉంటాయా, లేదంటే ఇంకా గట్టి బూట్లు దొరుకుతాయా అని అడిగారు. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్ ఉన్న బండినే నేనూ లిఫ్ట్ చేసి చాలాకాలంగా నడుపుతున్నాను, బూట్లు నా చేత్తో నేనే మార్చుకుంటాను. మీరు చెప్పినదాన్నిబట్టి మీ బూట్లను చింపుతున్నది రాళ్లు కాదనే అనుకుంటున్నాను. రోజూ తారు రోడ్డు మీద తిరగడమే వాటిని తినేస్తోంది.

ఎందుకంటే, లిఫ్ట్ చేసినప్పుడు బాడీతో పాటు డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్ల పెట్టె, క్లుప్తంగా డిఫ్) పైకి లేస్తుంది, చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది, కాబట్టి అప్పటిదాకా ఇంచుమించు అడ్డంగా ఉన్న యాక్సిల్ (డిఫరెన్షియల్‌నూ చక్రాన్నీ కలిపే ఇరుసు) ఏటవాలు అవుతుంది. డిఫరెన్షియల్ వైపున్న లోపలి జాయింట్‌కూ చక్రం వైపున్న బయటి జాయింట్‌కూ మధ్య 17 అంగుళాల దూరం ఉందనుకోండి, 2 అంగుళాల లిఫ్ట్‌కే దాదాపు 7 డిగ్రీల వాలు అదనంగా వస్తుంది, 3 అంగుళాలకు 10 డిగ్రీలు. ఆ వంపులో బూటు ఒక పక్క మడతలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, రెండో పక్క సాగుతాయి. యాక్సిల్ తిరిగే ప్రతి చుట్టుకూ ప్రతి మడతా ఒకసారి నలగాలి, ఒకసారి సాగాలి. 32 అంగుళాల టైరు కిలోమీటరుకు దాదాపు 390 చుట్లు తిరుగుతుంది, అంటే 100 కిలోమీటర్ల హైవే ప్రయాణంలో ఆ రబ్బరు దగ్గర దగ్గర 39 వేల సార్లు రాసుకుంటుంది. ఆఫ్‌రోడ్‌లో ఒక పూటంతా తిరిగినా అన్ని చుట్లు రావు.

టూ వీల్ డ్రైవ్‌లో పెడితే ముందు యాక్సిల్ ఊరికే ఉంటుందని చాలామంది అనుకుంటారు. చేత్తో తిప్పి లాక్ చేసే హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే, విడదీసే భాగాలు) ఉన్న బండిలో అది నిజమే, ఫ్రీలో పెడితే యాక్సిల్ ఆగిపోతుంది. ఈ మధ్య వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి ఆ హబ్‌లు లేవు. చక్రం తిరిగినంతసేపూ సీవీ కూడా తిరుగుతూనే ఉంటుంది, ఫోర్ వీల్ వేసినా వేయకపోయినా. నా బండికి మొదటి బూటు పోయింది కూడా రాళ్ల దారుల జోలికే వెళ్లని రోజుల్లో, ఇల్లూ ఆఫీసూ తప్ప వేరే తిరుగుడు లేనప్పుడు. విప్పి చూస్తే ఎక్కడా కోసుకున్న గుర్తు లేదు. చిరుగు మడత అంచు వెంబడే గీత గీసినట్టు సాగింది, దాని పక్కన ఇంకా చిరగని రెండు మడతల అంచులు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి, సందుల్లో నల్లటి రబ్బరు పొడి ఉంది. మీ పాత బూటు పారేయకపోతే ఒకసారి తీసి చూడండి. రాయో పుల్లో తగిలితే చిరుగు ఒక్కచోట, అడ్డదిడ్డంగా ఉంటుంది. మడత వెంబడి గుండ్రంగా ఉంటే అది రాపిడి. అది తేలిపోతే అడ్డు ప్లేట్ల గురించి ఇక ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, మొదటిది లిఫ్ట్ తగ్గించడం. ఇది మీకు నచ్చదని తెలుసు, అయినా నిజాయితీగా చెప్పాలి కదా. ఫ్యాక్టరీ యాక్సిళ్లతో 2 నుంచి 2.5 అంగుళాలు దాటకుండా ఉంటే బూట్లు చాలాకాలం వస్తాయి, 3కు వెళ్తే అవి అరిగిపోయే సామాను అనుకుని బతకాల్సిందే. పైగా లిఫ్ట్ ఎలా చేశారన్నది కూడా ముఖ్యం. షాక్ అబ్జార్బర్ పైన స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) బిగించి లేపితే చక్రం గాల్లో వేలాడినప్పుడు మునుపటికన్నా ఇంకా కిందికి జారుతుంది, యాక్సిల్ వాలు అప్పుడు మరీ ఎక్కువవుతుంది. అదే షాక్ మార్చకుండా స్ప్రింగ్ మార్చి లేపితే నిలబడ్డప్పుడు ఎత్తు పెరుగుతుంది కానీ చక్రం వేలాడే హద్దు మారదు. మీది స్పేసర్ అయితే ఆ డబ్బులు బూట్ల మీద పోసే బదులు సరైన స్ప్రింగుల మీద పెట్టమంటాను. స్పేసరే ఉంచుకుంటానంటే కనీసం లిమిట్ స్ట్రాప్‌లు కట్టించండి, చక్రం ఒక హద్దు దాటి కిందికి దిగకుండా ఆపుతాయి. అయితే అవి రోడ్డు మీద వాలును తగ్గించవు.

డిఫ్ డ్రాప్ కిట్ సంగతి. డిఫరెన్షియల్ ముందు మౌంట్ల దగ్గర స్పేసర్లు పెట్టి ఒక అంగుళం దాకా దించుతారు. నేను వేసుకున్నాను, మడతల మధ్య కాస్త సందు వచ్చింది, ఉపయోగమే. కానీ పెట్టె మీద అంగుళం అని ఉంటే యాక్సిల్ దగ్గర మీకు వచ్చేది అంగుళం కాదు, ఎందుకంటే చాలా కిట్లలో ముందు భాగం మాత్రమే దిగుతుంది, వెనక మౌంట్ అలాగే ఉంటుంది, డిఫ్ మొత్తం ముందుకు వాలుతుంది. దాంతో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (డిఫ్‌కు శక్తి తెచ్చే పొడవాటి కడ్డీ) కోణం కూడా కొంచెం మారుతుంది, కింద స్కిడ్ ప్లేట్ (బండి అడుగును కాపాడే రేకు) కూడా దించాల్సి వస్తుంది. 2.5 అంగుళాల లిఫ్ట్‌కు తోడుగా అయితే మంచిదే, 4 అంగుళాలు లేపి దీన్నే నమ్ముకుంటే మాత్రం పని జరగదు.

బూట్ల రకం విషయానికి వస్తే, గట్టిది కొంటే చాలదు. గట్టి ప్లాస్టిక్ తరహా బూటు కోతలకు ఆగుతుంది, కానీ ఎక్కువ వాలులో మడత దగ్గర సులువుగా వంగదు. మెత్తటి నియోప్రీన్ రబ్బరు బాగా వంగుతుంది. సిలికాన్‌ది ఇంకా మెత్తన, కాకపోతే చిన్న ముల్లు గుచ్చుకున్నా చీలిపోతుంది. ఎక్కువ వాలు కోసమే చేసిన, మడతల మధ్య ఎడం ఎక్కువ ఉండే బూట్లు మీ యాక్సిల్‌కు దొరికితే వాటికే వెళ్లండి. యాక్సిల్ విప్పకుండా రెండు ముక్కలు అతికించే బూట్లు ఇల్లు చేరడానికి తప్ప పనికిరావు.

బూటు బాగున్నా బిగింపు సరిగా లేక పోయేవి చాలా ఎక్కువ. లోపల గాలి ఇరుక్కుపోయి ఉంటే బూటు ఉబ్బుతుంది, లేదా లోపలికి పీల్చుకుని మడతలు ముడుచుకుపోతాయి, అప్పుడు మామూలు ఎత్తులో కూడా రాసుకుంటాయి. అందుకే చిన్న క్లాంప్ బిగించే ముందు యాక్సిల్‌ను తిన్నగా పెట్టి, జాయింట్‌ను దాని నడిమి పొడవులో ఉంచి, సన్నటి మొద్దు స్క్రూడ్రైవర్‌తో బూటు పెదవిని ఒకసారి ఎత్తి గాలి సమానం చేయాలి. ఆ తర్వాత మడతలన్నీ ఒకే దూరంలో ఉన్నాయా చూసి అప్పుడు క్లాంప్. చెవి ఉండే క్లాంప్‌లకు ప్రత్యేకమైన ప్లయర్ ఉంటుంది, అది లేకుండా కట్టింగ్ ప్లయర్‌తో నొక్కితే సగం బిగుసుకుంటుంది, గ్రీజు చెమటలా బయటికి వస్తుంది, అది చూసి బూటు చిరిగిందని మళ్లీ కొత్తది కొంటారు. జిప్ టైలు అసలే వద్దు. కిట్‌లో వచ్చిన గ్రీజు ప్యాకెట్ ఎంతుందో అంతే వేయండి, ఎక్కువ కుక్కితే బూటు ఉబ్బుతుంది.

నెలకోసారి స్టాండ్ల మీద బండి లేపి, చక్రాలు వేలాడుతుండగా టార్చ్‌తో చూడండి. ఆ స్థితిలో లోపలి బూటు కింది వైపు, బయటి బూటు పై వైపు మడతలు ఎక్కువ నలుగుతాయి, అక్కడే మొదట మెరుపు కనిపిస్తుంది. గుడ్డతో తుడిచి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఒక్కో మడత సందు వేలితో తెరిచి చూడాలి. సన్నటి పగుళ్లు కనిపిస్తే పూర్తిగా చిరిగేదాకా ఆగకండి. చిన్న క్లాంప్ దగ్గర మాత్రమే దుమ్ము పట్టిన తడి ఉంటే క్లాంప్ మార్చితే చాలు. రిమ్ము లోపలి వైపున, షాక్ మీద, పై ఆర్మ్ మీద గీతలా గ్రీజు చిమ్మి ఉంటే బూటు పోయినట్టే.

బురదలో తిరిగి వచ్చాక అది ఎండకముందే కడిగేయండి, మడతల సందుల్లో ఎండిన మట్టి రబ్బరును గరుకు కాగితంతో రుద్దినంత పని చేస్తుంది. ప్రెషర్ వాషర్ ముక్కు మాత్రం క్లాంప్ దగ్గరగా పెట్టొద్దు, నీళ్లు లోపలికి పోతాయి. మడతల మీద సిలికాన్ స్ప్రే కొడితే కొద్దిరోజులు రాపిడి తగ్గుతుంది, పెట్రోలియం నూనెలున్న స్ప్రేలు రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి వద్దు. దారిలో చక్రం గాల్లో ఉండగా స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కకండి, బయటి జాయింట్‌కు లిఫ్ట్ వాలు, స్టీరింగ్ వాలు రెండూ కలిసేది అప్పుడే, బూటు కన్నా ముందు జాయింటే పోవచ్చు.

ఇప్పుడు చిరిగి ఉన్నదాని సంగతి. కొంచెం గ్రీజు తీసి వేళ్ల మధ్య నలపండి. నున్నగా ఉంటే టెన్షన్ వద్దు, అంతా కడిగి కొత్త గ్రీజు, కొత్త బూటు వేసి అదే యాక్సిల్ వాడుకోండి. చవక యాక్సిల్ మొత్తంగా మార్చడం కన్నా ఫ్యాక్టరీ యాక్సిల్‌కు కొత్త బూటు వేయడమే నాకు ఎప్పుడూ నయంగా అనిపించింది. ఇసుక గరగరలాడితే, లేదా మలుపులో టక్ టక్ శబ్దం, స్పీడ్ అందుకునేటప్పుడు వణుకు మొదలైతే జాయింట్ అరిగింది, దాని మీద కొత్త బూటు వేయడం డబ్బు దండగ. మీ లిఫ్ట్ స్పేసరా, స్ప్రింగా చెప్పండి, వీలైతే చక్రాలు వేలాడుతుండగా లోపలి బూటు ఫోటో ఒకటి పెట్టండి, డిఫ్ డ్రాప్ సరిపోతుందో లేదో చూసి చెబుతాను.