నూర్ అని పెట్టే ముందు

బేటీ, అస్సలాము అలైకుమ్.

అబ్బాయైనా అమ్మాయైనా నూర్ అనే పెడతామన్నావు. పెట్టుకోండి, ఇద్దరికీ చెల్లే పేరు. కాగితాలకెక్కే లోపు కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

నూర్ అంటే వెలుగని అందరూ చెబుతారు, ఏ వెలుగో చెప్పరు. ఖురాన్ పదో సూరా (అధ్యాయం) అయిదో ఆయతులో (వాక్యంలో) సూర్యుడికి ‘జియా’ అనీ, చంద్రుడికి ‘నూర్’ అనీ వేరువేరు మాటలున్నాయి. ఎండ కాదు, వెన్నెల. 24వ సూరా పేరే అన్నూర్. అందులో 35వ ఆయతు ఒకసారి నిదానంగా చదువు: గోడలో గూడు, గూట్లో దీపం, దీపానికి గాజు బుడ్డి, అది ముత్యంలా మెరిసే చుక్కలా ఉంటుంది, లోపలి ఆలివ్ నూనె నిప్పు తగలకుండానే వెలుగుతుందా అన్నట్టుంటుంది. పిల్లలకు అర్థం చెప్పాల్సి వస్తే ఈ బొమ్మ చాలు.

నూర్‌ని అరబీలో నూన్, వావ్, రే అనే అక్షరాలతో రాస్తారు. మునీర్, అన్వర్, మీనార్ కూడా వాటిలోంచి పుట్టినవే. అంటే చార్మినార్‌లోనూ ఈ వెలుగుంది. ‘నార్’ అన్నారో, అది నిప్పు! ‘ఊ’ సరిగ్గా పలికించు.

ఆడో మగో తేల్చేది పక్కన చేరే మాట. నూరుద్దీన్ అంటే మగపిల్లాడు, నూరున్నిసా అంటే ఆడపిల్ల. నూర్‌జహాన్‌లో జహాన్ ఫారసీ. 1616లో జహంగీరు మెహరున్నిసాకిచ్చిన బిరుదు అది. అన్నూర్ అల్లాహ్ పేర్లలో ఒకటి కదా అని అబ్బాయికి ‘అబ్దుల్ నూర్’ (ఆ నూర్‌కి దాసుడు) అని రాయిస్తుంటారు. నూన్ ముందు ‘అల్’లోని లకారం పలకదు, కాబట్టి అబ్దున్నూర్ అనాలి.

తెలుగులో మాత్రం పొల్లు జారిందంటే ‘నూరు’. బడి హాజరుపట్టీలో అలా పడితే పిల్ల వందో, పచ్చడి నూరడమో అవుతుంది. ఇంకొకటి, మీ అత్తగారి ఇంటిపేరు నూర్‌బాషా. ‘నూర్‌బాషా నూర్’ అని పిలిచి చూడు, నాలుక తడబడుతుంది. రెండో మాట ఎలాగూ కావాలి.

అది పాస్‌పోర్టుకూ అవసరమే. ఒకే మాట పేరున్న పాస్‌పోర్టుకు విజిట్ వీసా ఇవ్వబోమని 2022 నవంబరులో దుబాయ్ ఉన్న యూఏఈ దేశం వాళ్లు చెప్పారు.

తొందరేమీ లేదు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించండి, పేరు గడి ఖాళీగా వదిలినా పర్లేదు. ఏడాది లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టాలి. ఏడో రోజు అఖీఖా (బిడ్డ పుట్టినందుకు చేసే వేడుక) అయ్యేటప్పటికి పేరు మీలో మీకు ఖాయమైతే చాలు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ‘లింగం’ గడి నువ్వే చూడు. ఈ పేరు చూసి గుమాస్తా తన ఊహ కొద్దీ టిక్కు పెట్టేస్తాడు. ఇంగ్లీషులో రెండు ‘ఓ’లా, ఒక ‘యూ’నా అన్నది కూడా ఆ రోజే తేల్చి, ఆధార్‌లోనూ అదే రాయించు.

మీ మామూ