గెలుపు తలకెక్కిన అబ్బాయికి ఆ ఫైనల్ చూపించండి

వరసగా మూడు టెన్నిస్ టోర్నీలు గెలిచాక మీ అబ్బాయి కోచ్ మాట వినడం లేదన్నారు కదండీ. తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చూపించండి. అప్పటి ప్రపంచ నంబర్ వన్, ఇటలీ ఆటగాడు సినర్‌కి మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు వచ్చాయి, అంటే వాటిలో ఒక్కటి గెలిచినా టైటిల్ అతనిదే. స్పెయిన్ ఆటగాడు అల్కరాజ్ మూడూ కాచుకుని, 5 గంటల 29 నిమిషాలకు గెలిచాడు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ ఫైనల్లోనూ అతని చేతిలో ఓడాక, తన ఆట ఎదుటివాడు ముందే పసిగట్టేలా ఉందని సినరే ఒప్పుకున్నాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మా వాడికైతే నోట్‌బుక్ ఇచ్చి, పాయింట్ పోయాక వాళ్లేం చేస్తున్నారో రాయమన్నాను. రెండో సెట్‌కల్లా "టవల్‌తో మొహం తుడుచుకుని మళ్లీ లైన్ దగ్గరికి వెళ్లిపోతున్నారు నాన్నా" అన్నాడు. మర్నాడు తనంతట తానే కోచ్‌ని బ్యాక్‌హ్యాండ్ సరిచేయమని అడిగాడు.