మూడో తరగతి దాటకముందే ఊరు ఖాయం చెయ్యి

బిడ్డా,

పిల్లగాని ఒకటో తరగతి దేవరకొండ, రెండోది అచ్చంపేట, ఇప్పుడు మూడోది కోదాడ. అల్లుడు పనిచేసే రోడ్డు ఎటు సాగితే మీ సామాను అటు సాగుతున్నది. మీదే ఊరని ఎవరన్నా అడిగితే పిల్లగాడు నీ మొఖం చూస్తున్నడని, వానికి ఏం చెప్పాలె పెద్దమ్మా అని రాసినవ్. దీనికి జవాబు మనసులో వెతకకు. ముందు వాని బడి లెక్క చూడు.

మన తెలంగాణ సర్కారు కొలువులకు స్థానికుడు ఎవరనేది 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివిన చోటును బట్టి చూస్తున్నరు. అంతకుముందు నాలుగు నుంచి పది దాకా చూసేది. ఇప్పుడు ఒకటి నుంచి ఏడు లోపల నాలుగేండ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా పిల్లగాడైతడు. నేరుగా భర్తీ చేసే కొలువులు నూటికి 95 స్థానికులకే. బడికి పోయిన పిల్లలకు తాత ఊరు, తండ్రి భూమి, ఆధార్ మీద అడ్రసు ఈ లెక్కలోకి రావు. మనవాళ్లు చానామంది ఈ సంగతి డిగ్రీ అయినంక, దరఖాస్తు నింపేటప్పుడు తెలుసుకుంటరు. అప్పటికి చేసేదేం ఉండదు.

మీ సంగతే చూడు. దేవరకొండ నుంచి పోయి డిండి దాటితే అచ్చంపేట దిక్కే. కాని దేవరకొండ నల్లగొండ జిల్లా, యాదాద్రి జోన్ (జోన్ అంటే కొలువుల కోసం కొన్ని జిల్లాలు కలిపిన గుంపు). అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లా, జోగులాంబ జోన్. కోదాడ సూర్యాపేట జిల్లా, మళ్ల యాదాద్రి జోన్. మూడేండ్లలో మూడు జిల్లాలు అయిపోయినయ్. ఇంక వానికి మిగిలినవి నాలుగే: నాలుగు, ఐదు, ఆరు, ఏడు. కొత్త జిల్లాకు పోతే ఆ నాలుగూ అక్కడే పడాలె, ఇదివరకు చదివిన జిల్లానే అయితే మూడు చాలు. అంటే వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి మీరు ఒక కాడ నిలబడాలె. ఇంకో ఏడాది చూద్దాం అనుకుంటే ఆ నాలుగు మూడైతయ్.

ఏ ఊరంటవా? నా మాట కల్వకుర్తి. నాగర్‌కర్నూల్ జిల్లానే కాబట్టి అచ్చంపేటలో చదివిన ఏడాది కూడా ఆ జిల్లా ఖాతాలోనే ఉంటది. మీ అత్తగారి వంగూరు పక్కనే. అల్లుడు తిరిగే 167 నంబరు జాతీయ రహదారి కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగ పోతది. ఆయన ఆ రోడ్డుకు ఏ కొసన ఉన్నా మీరు నడుమ ఉంటరు. మీ అమ్మ దగ్గరికి దేవరకొండకు కూడా ఇబ్బంది లేదు. అచ్చంపేటే నచ్చితే అదైనా తప్పు కాదు, జిల్లా ఒకటే. కోదాడలో బడి ఎంత మంచిగున్నా అక్కడ నాలుగేండ్లు ఉంటరన్న నమ్మకం లేకుంటే దాన్ని మరిచిపో.

ఇది తేలికైన మాట కాదని నాకు తెలుసు. ఆయన ఒక కాడ, మీరు ఒక కాడ అంటే రెండు కిరాయిలు, రెండు పొయ్యిలు. చిన్నది సాయంత్రమైతే నాయన కోసం దర్వాజ కాడ కూసుంటది. అందుకే ఊరు ఎంచేటప్పుడు ఇల్లు బస్టాండుకు నడిచిపోయేంత దగ్గర చూడు, కిరాయి అయిదారు వందలు ఎక్కువైనా సరే. శనివారం రాత్రి చివరి బస్సు దిగి ఇంటికి రావాలంటే ఊరవతల కాలనీ పనికి రాదు. ఆటో దొరకదని రెండు వారాలు ఆగితే మూడో వారం అలవాటే తప్పుతది.

ఇంకొకటి. కంపెనీ కృష్ణా దాటి రాయచూరు దిక్కు పొమ్మన్నదనుకో, పిల్లగాడు తొమ్మిది నుంచి ఇంటర్ నడుమ ఉంటే వాణ్ని తీసుకపోవద్దు. మన రాష్ట్రంలో డాక్టరు చదువులో స్థానికుల సీట్లకు ఆ నాలుగేండ్లు తెలంగాణలోనే చదివి ఉండాలె.

ఇప్పుడు కాగితాలు. బడి మారినప్పుడల్లా టీసీ ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకు, స్టడీ సర్టిఫికెట్ వేరే అడుగు. చేతికి రాంగనే ఇంటికి పరుగెత్తకు, ఆఫీసు గడప మీద నిలబడి చదువు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నదా, ఇంటిపేరు ముందున్నదా వెనుకున్నదా. తండ్రి పేరు. పుట్టిన తారీఖు. అడ్మిషన్ నంబరు. ఏ తరగతి, ఏ విద్యాసంవత్సరం. మండలం, జిల్లా. హెడ్మాస్టరు సంతకం, దాని మీద గుండ్రటి ముద్ర. ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్పుడే దిద్దించు. చిన్న ప్రైవేటు బడులు రెండు మూడేండ్లలో మూతపడుతయ్, తర్వాత రికార్డు కోసం మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాలె.

పాత బడి వాళ్లు యూడైస్ (బడి పిల్లల వివరాలుండే సర్కారు లెక్క) ఆన్‌లైన్‌లో పిల్లగాణ్ని వదిలిపెడితేనే కొత్త బడి వాళ్లకు దొరుకుతడు. అందులో వానికి ఇచ్చిన పెన్ నంబరు (బడి మారినా మారని నంబరు) రాసి పెట్టుకో. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని సర్కారు బడిలో చేర్చుకోం అనడానికి లేదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఆ మాట ఉన్నది. మర్యాదగానే చెప్పు, కాని చెప్పు.

మిగతా కాగితాలన్నీ ప్రతి ఊరికీ మార్చుకుంట తిరగకు. ఆధార్ అడ్రసు కల్వకుర్తికి ఒక్కసారి మార్చి వదిలెయ్. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఎన్నటికీ మార్చకు. ఆ సిమ్ము 90 రోజులు వాడకుంటే పోవచ్చు, నెలకు ఒకసారన్నా దాంతో మాట్లాడు. కొత్త ఊరికి పోయినప్పుడల్లా కొత్త బ్యాంకు ఖాతా తెరవకు. సర్కారు నుంచి ఆధార్ మీద వచ్చే పైసలు చివరగా జోడించిన ఖాతాలోనే పడుతయ్. పాత పాస్‌బుక్కు చూసుకుంట రాలేదని ఏడ్చేది అందుకే.

ఓటు మాత్రం ఉంటున్న కాడనే ఉండాలె. ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి ఓటరు కారని చట్టం. మారేటప్పుడు ఫారం 6 కాదు, ఫారం 8. కొత్తగ 6 నింపితే రెండు చోట్ల పేరుంటది, అది నేరం. రేషన్ బియ్యం రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు, దాని కోసం కార్డు మార్చే పని లేదు. గ్యాసు అయితే సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పజెప్పి డిపాజిట్ వెనక్కి తీసుకుని, ఇచ్చిన కాగితంతో కొత్త ఊర్లో మళ్ల తీసుకో. సిలిండరు డీసీఎంలో వేసుకపోతే తర్వాత బుకింగ్ కాడ చిక్కు.

కిరాయి ఇల్లు చూసేటప్పుడు రెండు విషయాలు కచ్చితంగ అడుగు. మీటరు మీ ఒక్క ఇంటిదేనా, ఓనరుతో కలిసినదా? కలిసినదైతే యూనిట్లు ఎక్కువై శ్లాబు మారుతది, 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి కూడా అందకపోవచ్చు. రెండోది నల్లా నీళ్లు. సర్కారు పైపుల్లో వచ్చే మిషన్ భగీరథ నీళ్లా, బోరు నీళ్లా? అల్లుని దగ్గరికి సెలవులకు పోయినా అడుగు. నల్లగొండ దిక్కు, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లు వంటకు కూడా వాడకు. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. మరగబెడితే పోదు, నీళ్లు ఇంకి ఇంకా ఎక్కువైతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. ఎనిమిదేండ్ల లోపల పిల్లల పక్కా పండ్లు (శాశ్వత దంతాలు) చిగుళ్ల లోపల తయారైతుంటయ్, అప్పుడు తాగిన నీళ్లకే గోధుమరంగు గీతలు పడుతయ్. నీ చిన్నదానికి నాలుగేండ్లు, దాని గురించే నా బాధ.

ప్లాటు ఇప్పుడే కొనకు. ఒక వానాకాలం అక్కడ ఉండి, భాద్రపదంలో ఆ జాగ దగ్గరికి నడిచి పోయి నీళ్లు ఎక్కడ నిలుస్తున్నయో చూసినంక మాట్లాడుదాం.

ఇక పిల్లగాని జవాబు. దసరా సెలవులు బతుకమ్మ పండుగంతా కలిపి వస్తయ్. ప్రతి ఏడూ ఎంగిలిపూల నాటికి వంగూరుకు పో. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ అని పంచకు. చిన్నది అవే ఇండ్ల ఆడపిల్లలతో ఆడాలె, వాడు అదే జమ్మిచెట్టు కాడికి పోయి ఆకు తెచ్చి అవే ముసలోళ్ల చేతుల్లో పెట్టాలె. మూడు దసరాలు గడిస్తే వాళ్లే వీన్ని ఫలానావాళ్ల మనుమడు అని పిలుస్తరు. అప్పటిదాకా ఎవరన్నా అడిగితే "మాది వంగూరు, చదువుతున్నది కల్వకుర్తి" అని రెండు ముక్కలూ చెప్పమను, రెండూ నిజమే.

సంక్రాంతి సెలవులు అయిపోంగనే అచ్చంపేట బడికి పోయి రెండో తరగతి స్టడీ సర్టిఫికెట్ రెండు కాపీలు తీసుకో. వచ్చేటప్పుడు కల్వకుర్తిలో దిగి, రెండు బడులు చూసి, సీట్ల సంగతి అడిగి నాకు ఫోను చెయ్యి. ఇండ్ల వేట మార్చిలో పెట్టుకో. ఆషాఢంలో ఇల్లు మారరు కాబట్టి ఎండాకాలం చివర అందరూ ఎగబడుతరు, మంచి ఇండ్లు అప్పటికి మిగలవు.

మీ పెద్దమ్మ