ఎంఆర్‌వీలో సిర కనిపించకపోతే రక్తం గడ్డకట్టినట్టేనా?

ప్రశ్న: నా వయసు 29. రెండు నెలలుగా తలనొప్పి. ఎంఆర్‌ఐతో పాటు కాంట్రాస్ట్ (నాళాల్లోకి ఎక్కించే మందు) లేకుండా ఎంఆర్‌వీ (మెదడు సిరల్ని చూపే ఎంఆర్‌ఐ స్కాన్) తీశారు. ‘ఎడమ ట్రాన్స్‌వర్స్ సైనస్ కనిపించడం లేదు. పుట్టుకతో సన్నదా, గడ్డకట్టిందా తేల్చాలి’ అని రిపోర్టు ఇచ్చారు. భయంగా ఉంది. – ఓ పాఠకురాలు

జవాబు: ఇది ముక్కు పక్కన ఉండే సైనస్ కాదు, మెదడులోని చెడు రక్తాన్ని మెడ సిరలోకి చేర్చే కాలువ. చాలామందిలో కుడివైపుది పెద్దగా, ఎడమది సన్నగా ఉంటుంది. పైగా కాంట్రాస్ట్ లేని ఎంఆర్‌వీకి నాళం గోడలు కనిపించవు. లోపల కదిలే రక్తమే కనిపిస్తుంది.

స్కానర్ తలలోని ఒకే పొర మీద వెంటవెంటనే రేడియో పల్సులు పంపుతుంది. కదలని కణజాలం వాటికి అలిసిపోయి నల్లబడుతుంది. అప్పుడే పొరలోకి వచ్చిన రక్తం తెల్లగా మెరుస్తుంది. పొర మందం 3 మి.మీ., పల్సుల మధ్య 30 మిల్లీసెకన్లు అనుకుందాం. ప్రతి పల్సుకూ అక్కడ పూర్తిగా కొత్త రక్తం ఉండాలంటే అది సెకనుకు 10 సెం.మీ. వేగంతో, పొరను నిట్టనిలువుగా దాటుతూ పారాలి. సన్నటి సైనస్‌లో నెమ్మదిగా పారినా, పొర వెంబడే పారినా అదే రక్తం మళ్లీ మళ్లీ పల్సులు తిని మాయమవుతుంది. మీ రిపోర్టులో ఖాళీకి ఇది కారణం కావచ్చు.

తిరకాసు ఇంకోవైపూ ఉంది. వారం, రెండు వారాల వయసున్న గడ్డ ఇదే స్కాన్‌లో తెల్లగా కనిపించి, పారే రక్తమనిపిస్తుంది. అందుకే ఎంఆర్‌వీ ఒక్కటే చూసి అటూ ఇటూ తేల్చకూడదు. మీ ఎంఆర్‌ఐలోని టీ1, టీ2, ఎస్‌డబ్ల్యూఐ అనే రకాల చిత్రాల్లో అదే చోటును రేడియాలజిస్టు చేత మళ్లీ చూపించండి. సీటీ తీసి ఉంటే, పుర్రె అడుగున ఎడమ జుగులర్ రంధ్రం (మెడ సిర పుర్రె దాటే దారి) కూడా చిన్నగా ఉందేమో చూస్తారు. ఉంటే పుట్టుకతో సన్నదనే వైపే మొగ్గు.

అప్పటికీ తేలకపోతే గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందుతో ఎంఆర్‌వీ, లేదా సీటీ వీనోగ్రామ్ (కాంట్రాస్ట్ ఎక్కించి సిరల్ని చూసే సీటీ) తీస్తారు. మందు నాళాన్ని నింపుతుంది కనుక వేగంతో పెద్దగా పనుండదు. గాడోలినియం మోతాదు కిలోకు 0.1 మిల్లీమోల్, చాలా రకాల మందుల్లో 60 కిలోల మనిషికి 12 మి.లీ. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, గర్భం ఉంటే చెప్పండి.

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, ఈమధ్యే కాన్పు అయినా న్యూరాలజిస్టుకు తప్పక చెప్పాలి. కంటి ఫండస్ పరీక్ష (కంటి లోపలి వెనక భాగాన్ని చూడటం) చేయించండి, అక్కడ కంటి నరం వాచి ఉంటే ఆలస్యం వద్దు. డీ-డైమర్ (గడ్డల జాడ వెతికే రక్తపరీక్ష) నార్మల్ వచ్చినంత మాత్రాన గడ్డ లేదని కాదు. చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, చేయో కాలో పట్టు తప్పినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం ఈ రిపోర్టు చూసి సొంతంగా మొదలుపెట్టొద్దు.