రిజర్వేషన్లు సాఫ్ట్‌వేరే చేసుకుంటే మా అబ్బాయి పని ఏంకాను?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ చేశాడు. ఏడు నెలలుగా జీడిమెట్లలో ఒక పంపుల ఫ్యాక్టరీలో ప్లానింగ్ ట్రైనీ. రోజూ ప్రొడక్షన్ ఆర్డర్లు తెరిచి, ఒక్కోదానికి కావాల్సిన సామాను స్టాకులో ఉందో లేదో చూసి రిజర్వ్ చేయడమే వాడి పని. దసరా తర్వాత ఆ పని సాఫ్ట్‌వేరే చేసుకుంటుందని మేనేజర్ చెప్పారట. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో శాప్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు 80 వేలు, అప్పు చేయాలి. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని, ఈ విషయాలు నాకు తెలియవు. ఏం చేయమంటారు?
– కరీంనగర్ నుంచి ఒక తండ్రి

జవాబు: రాజీనామా ఇప్పుడే వద్దండి. అప్పు అసలే వద్దు.

ఈ విషయాలు తెలియవన్నారు గానీ, రిజర్వేషన్ అంటే ఏమిటో మీకంటే బాగా ఎవరికి తెలుసు? పండగ రోజుల్లో బస్టాండులోకి బస్సు వచ్చీరాగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసేవాళ్లను ఎంతమందిని చూసుంటారు! ప్లానింగ్‌లో జరిగేదీ అదే. సామాను స్టోర్స్ ర్యాకులోంచి కదలదు. 'ఇందులో 80 ఈ ఆర్డర్‌వి' అని కంప్యూటర్‌లో ఒక కర్చీఫ్ పడుతుంది. ప్రొడక్షన్‌వాళ్లు వచ్చి సామాను తీసుకెళ్లి, స్టోర్స్‌వాళ్లు దాన్ని ఇష్యూ రాసినప్పుడే సీట్లో మనిషి కూర్చున్నట్టు లెక్క.

ఇన్నాళ్లూ ఆ కర్చీఫ్‌లు మీ అబ్బాయి వేశాడు. ఇకమీదట సాఫ్ట్‌వేర్ వేస్తుంది. వేయడం దానికి చిటికెలో పని. ఎవరికి ముందు వేయాలన్న దగ్గరే చిక్కు.

మీ అబ్బాయి ఫ్యాక్టరీలో జరిగే లెక్కే చూద్దాం. ఒక్కో పంపుకు 6305 నంబరు బేరింగులు రెండు పడతాయనుకోండి. స్టాకులో 100 ఉన్నాయి. 3వ తేదీన 40 పంపుల ఆర్డర్ తెరిచారు, అది నెలాఖరుకు ఇస్తే చాలు. మర్నాడు 30 పంపుల ఆర్డర్ వచ్చింది, అది 12వ తేదీకల్లా లారీ ఎక్కాలి. ఆర్డర్ ఖాయం కాగానే రిజర్వ్ చేసెయ్యమని సెట్ చేసి ఉంటే, మొదటిది 80 బేరింగులు పట్టేస్తుంది. రెండోదానికి 60 కావాలి, మిగిలినవి 20. ర్యాకులో వంద బేరింగులు కళ్లెదుట కనిపిస్తూనే ఉంటాయి, అర్జెంటు ఆర్డర్‌కు మాత్రం స్క్రీన్ మీద 'సామాను లేదు' అని వస్తుంది. అది నమ్మి పర్చేజ్‌వాళ్లు ఇంకో నలభై ఎక్కువ రేటుకు తెప్పిస్తారు. అదే మీ అబ్బాయి చేత్తో చేస్తుంటే, నెలాఖరు ఆర్డర్ కర్చీఫ్ తీసి పక్కనపెట్టి, ముందు వెళ్లాల్సినదాన్ని కూర్చోబెట్టేవాడు.

దీనికి సాఫ్ట్‌వేర్లలో మందు లేకపోలేదు. ఓడూ అనే ఈఆర్‌పీలో (కంపెనీ స్టాకు, ఆర్డర్లు, కొనుగోళ్ల లెక్కలన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్) రిజర్వేషన్‌కు మూడు పద్ధతులు ఇచ్చారు. ఆర్డర్ ఖాయం కాగానే చేయడం ఒకటి, మనిషే చేత్తో చేయడం ఒకటి, పని మొదలుపెట్టాల్సిన తేదీకి ఇన్ని రోజుల ముందు చేయడం మూడోది. మన పంపులకు మూడోది ఎంచుకుని ఐదు రోజులని ఇస్తే, నెలాఖరు ఆర్డర్ తన వంతు వచ్చేదాకా కర్చీఫ్ వేయదు. బాగానే ఉంది. కానీ ఐదు రోజులే ఎందుకు, పది ఎందుకు కాదు? బేరింగుల డీలర్ ఎన్నాళ్లకు సరుకు ఇస్తాడో, ఏ కస్టమర్ ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకోడో, ఎవరి ఆర్డర్ మాటిమాటికీ వాయిదా పడుతుందో తెలిసినవాడే ఆ అంకె చెప్పగలడు. ఏడు నెలలు రోజూ ఈ పనే చేసినవాడికి అది తెలిసుండాలి. తెలియకపోతే తెలుసుకోవడానికి దసరా దాకా టైముంది.

ఇప్పుడు శాప్ సంగతి. అదీ అలాంటి ఈఆర్‌పీయే. అక్కడ ప్రొడక్షన్ ఆర్డర్ తయారవగానే బీవోఎంలో (ఒక్కో వస్తువుకు ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా) ఉన్న భాగాలకు రిజర్వేషన్ దానంతటదే పుడుతుంది. కొత్తగా వచ్చిందేమీ కాదు, ఏళ్ల తరబడి అంతే. అంటే ఏ పని పోతుందని మీవాడు భయపడి పారిపోతున్నాడో, ఆ పని ఎప్పుడో మింగేసిన సాఫ్ట్‌వేర్‌నే నేర్చుకోవడానికి 80 వేలు కడతానంటున్నాడు! అయినా శాప్ తెలిసిన ప్లానర్లకు పనిలేకుండా పోలేదు. ఎందుకంటే అక్కడ పుట్టే రిజర్వేషన్ 'నాకు ఇంత కావాలి' అని చెప్పే చీటీ మాత్రమే. సామాను నిజంగా దొరుకుతుందా లేదా తేల్చేది అవైలబిలిటీ చెక్. ఆ చెక్ ఆర్డర్ తెరిచినప్పుడు జరగాలా, పని మొదలుపెట్టమని రిలీజ్ చేసేటప్పుడా? ఇంకా గేటు లోపలికి రాని పర్చేజ్ ఆర్డర్ సరుకును స్టాకుగా లెక్కేయాలా వద్దా? ఈ రూల్స్ మనుషులే పెడతారు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు ప్లానింగ్‌లో చేశాను. మా ప్లాంటులో ఆటోమేటిక్ రిజర్వేషన్ పెట్టిన కొత్తలో పెయింట్ బూత్ రెండు రోజులు ఆగిపోయింది. చూస్తే స్టోర్స్‌లో డబ్బాలు బారుగా పేర్చే ఉన్నాయి. ఒక మోడల్ బీవోఎంలో 250 మిల్లీలీటర్లు అని ఉండాల్సిన చోట ఎవరో 250 లీటర్లు కొట్టారు. 40 పీసుల ఆర్డర్‌కు పదివేల లీటర్లన్నమాట! అంతకుముందు చేత్తో రిజర్వ్ చేసే కుర్రాడు అది చూసి నవ్వుకుని, సరైన అంకె వేసుకుని సాగిపోయేవాడు, బీవోఎం మాత్రం దిద్దించలేదు. సాఫ్ట్‌వేర్‌కు నవ్వు రాదు. ఉన్న పెయింటంతా ఆ ఒక్క ఆర్డర్‌కే కట్టిపెట్టింది. పనైపోయినా క్లోజ్ చేయకుండా వదిలేసిన పాత ఆర్డర్లతోనూ ఇదే బాధ. బస్సు దిగి ఇంటికెళ్లిపోయినవాళ్ల కర్చీఫ్‌లు సీట్లమీద అలాగే ఉంటాయి. శాప్‌లో ఆర్డర్‌ను టెకో చేస్తేనే, అంటే పని పూర్తయిందని మార్క్ చేస్తేనే, మిగిలిపోయిన రిజర్వేషన్లు తొలగిపోతాయి. అది చేయడానికి అందరికీ బద్ధకమే. మాకూ అంతే.

అందుకని మీ అబ్బాయి రేపటినుంచే ఒక నోట్‌బుక్ పెట్టాలి. తాను చేత్తో రిజర్వ్ చేస్తున్నప్పుడు స్క్రీన్ చెప్పినట్టు కాకుండా వేరేగా చేసిన ప్రతిసారీ, ఏ ఆర్డర్, ఏ సామాను, ఎందుకలా చేశాడో అందులో రాసుకోవాలి. మీటర్లలో ఉన్న కేబుల్ స్టాకులో కిలోల్లో చూపిస్తోందా, క్వాలిటీ వాళ్లు ఇంకా పాస్ చేయని సరుకు వాడదగిన స్టాకులా కనిపిస్తోందా, ఒక సీల్ లేకపోతే ఇంకో కంపెనీ సీల్ వాడారా, అన్నీ. రెండు నెలల్లో ఆ పుస్తకం నిండుతుంది. దాన్ని పట్టుకుని మేనేజర్ దగ్గరికెళ్లి, 'సార్, కొత్త సిస్టమ్‌కు నన్ను కీ యూజర్‌గా పెట్టండి' అని అడగమనండి. కీ యూజర్ అంటే కన్సల్టెంట్లు సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు డిపార్ట్‌మెంట్ తరఫున కూర్చుని, టెస్ట్ చేసి, 'ఇది మా దగ్గర ఇలా నడవదు' అని చెప్పేవాడు. ఈ పనికి జీతం విడిగా ఇవ్వరు, పని మాత్రం రెట్టింపు. అయినా వదులుకోకూడదు. శాప్ ఇంటర్వ్యూల్లో 'ఇంప్లిమెంటేషన్ చూశావా' అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగేది ఈ కుర్రాళ్లే.

ఒక మాట దాచను. రిజర్వేషన్ బటన్ నొక్కడానికి నలుగురు ట్రైనీలుంటే, దసరా తర్వాత నలుగురూ అక్కర్లేదు. అబ్బాయి భయం ఊరికే పుట్టింది కాదు. ఉంచుకునేది ఎవరినో ఆ రెండు నెలల్లోనే తేలుతుంది.

సాయంత్రాలు ఖాళీగా ఉంటే ఇంట్లో లాప్‌టాప్‌లో ఓడూ కమ్యూనిటీ వెర్షన్‌గానీ, మన ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌గానీ పెట్టుకుని ఆడమనండి. రెండూ ఉచితమే. టేబుల్ ఫ్యాన్ విడిభాగాలతో ఒక బీవోఎం చేసి, ఒకే మోటారు కోసం రెండు ఆర్డర్లు కొట్టుకునేలా పెట్టి, ఏం జరుగుతుందో చూస్తే కోర్సులో మొదటి నెల పాఠం అక్కడే అయిపోతుంది. ఎక్సెల్ ఎలాగూ వచ్చుండాలి, కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి కావాల్సిన వివరాలు తీసే భాష) కూడా.

అమీర్‌పేట వద్దని కాదు. ఏడాది గడిచాక, సొంత జీతంతో వెళితే కోర్సులో వినే ప్రతి మాటకూ ఫ్యాక్టరీలో ఒక మొహం గుర్తొస్తుంది. అప్పుడు కూడా రెండు సంగతులు చూసుకోవాలి. చెప్పేది శాప్ కొత్త వెర్షన్ ఎస్ ఫోర్ హానానా, పాత వెర్షన్ ఈసీసీనా? ఈసీసీకి శాప్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2027 చివరికి ముగుస్తుంది. ఇక 'మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మేమే పెట్టిస్తాం' అని ఎవరైనా అంటే, మెట్లు దిగి వచ్చేయమనండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, ఉన్న నిజమైన అనుభవం కూడా చెల్లకుండా పోయినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

మేనేజర్ కీ యూజర్‌గా పెట్టనంటే ఏంటని మీరు అడగొచ్చు. అప్పుడు అదే నోట్‌బుక్‌తో పటాన్‌చెరు వైపు ఫార్మా కంపెనీల్లో మెటీరియల్ ప్లానింగ్ ఉద్యోగాలకు అప్లై చేయాలి. అక్కడ బ్యాచ్‌లు, ఎక్స్‌పైరీ తేదీలు కూడా ఉంటాయి కాబట్టి ముందుగా ఎక్స్‌పైర్ అయ్యే సరుకు ముందు వాడేలా రిజర్వ్ చేయాలి. ఈ తలనొప్పి ఇంకో మెట్టు ఎక్కువే.

ఫీజు సంగతి సంక్రాంతి తర్వాత మాట్లాడుకుందాం. ఈలోగా ఆ నోట్‌బుక్‌లో మొదటి రెండు పేజీలు ఫొటో తీసి నాకు పంపమనండి.