కలంకారీ చీర తడిపితే పసుపు నీళ్లొచ్చాయి, నల్లగీత వెలిసింది. మోసపోయానా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. శ్రీకాళహస్తి కలంకారీ అని చెబితే నమ్మి నూలు చీర కొన్నారు. మొదటిసారి తడిపితే బకెట్లో నీళ్లు పచ్చబడ్డాయి. ఆ తర్వాత భోజనాల దగ్గర నిమ్మకాయ పులిహోర పడినచోట నల్లగీత లేత గోధుమరంగుకి తిరిగింది. ఇంట్లోవాళ్లేమో రంగుపోయే చీర అంటగట్టారు అంటున్నారు. అమ్మినతన్ని నమ్మాలా వద్దా, చీరని ఎలా ఉతకాలి అని అడిగారు.

ఆ రెండూ నకిలీకి గుర్తులు కావండీ. ఆ నల్లగీత వెలవడమైతే చీర పక్షానే సాక్ష్యం చెబుతోంది. స్క్రీన్ ప్రింటు నలుపు మీద, డిజిటల్ ప్రింటు నలుపు మీద నిమ్మకాయ మొత్తం పిండినా చెక్కుచెదరదు. నిమ్మచుక్కకి లొంగేది ఇనుముతో చేసిన పాతకాలపు నలుపు.

అది ఎలా పుడుతుందో చెబితే మిగతావన్నీ విడిపోతాయి. కాళహస్తిలో ముతక నూలుగుడ్డని ముందు గంజి వదిలేలా ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో ముంచి, పిండి, ఎండేస్తారు. కరక్కాయలోని వగరు నూలుపోగులోకి దిగి కూర్చుంటుంది. పాలలోని కొవ్వు కలం పెట్టినచోట తడి పక్కకి పాకకుండా ఆపుతుంది. పాలు పలచనైతే గీత అంచులు వేళ్లలా చీలి పాకుతాయి, అందుకే చిక్కటి గేదెపాలే కావాలంటారు. కొత్త చీర మడత విప్పితే కొట్టే ఆ వగరువాసన, విరిగిన పాలవాసన ఇక్కడిదే.

నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దీన్ని కసిమి అంటారు. బెల్లం నీళ్లు పులుపెక్కి ఇనుముని కరిగిస్తాయి. వడగట్టిన ఆ నీళ్లు చూడ్డానికి పలచని టీ డికాక్షన్‌లా ఉంటాయి, నల్లగా ఉండవు. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకి కాస్త పైన గుడ్డపేలికో ఉన్నో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండని వేళ్లతో నొక్కేకొద్దీ రసం మొనకి దిగుతుంది. చింతపుల్లల బొగ్గుతో వేసుకున్న నమూనా మీద ఆ కలం నడుస్తుంటే, వెనకాలే గీత నల్లబడుతూ వస్తుంది. కుండలో లేని నలుపు గుడ్డ మీద పుడుతోందన్నమాట: ఇనుము, కరక్కాయ వగరు అక్కడ కలుసుకున్నాయి. మీ పులిహోరలోని నిమ్మరసం ఆ జంటని విడదీసి ఇనుముని పట్టుకుపోయింది. మిగిలిన గోధుమరంగు వగరుది. చింతపులుసు, వెనిగర్ కూడా ఇంతే చేస్తాయి. పులుపు పడగానే రుద్దకుండా ఆ చోటు మీద మంచినీళ్లు ధారగా పోస్తే చాలావరకు ఆగుతుంది. ఆరాక చేసేది పెద్దగా ఉండదు.

ఆ గీతని ఇంట్లో దిద్దాలని చూడకండి. ఉతికిన చీరలో పాల పనితనం పోయి ఉంటుంది కాబట్టి ఇనుపనీళ్లు అద్దుడు కాగితం మీద సిరాలా పరుచుకుంటాయి. కలంకారీ వేసేవాళ్లకిస్తే ఆ మేరకి మళ్లీ పాలూ కరక్కాయా పట్టించి గీస్తారు.

ఇక పసుపు నీళ్లు. పోగుల్లోకి దిగకుండా పైన మిగిలిపోయిన కరక్కాయ రంగు అది. మొదటి రెండు మూడు తడుపుల్లో దిగి, తర్వాత తగ్గిపోవాలి. నాలుగోసారీ అదే చిక్కదనంతో వస్తుంటే పసుపుని పటికతో సరిగా కట్టలేదని అర్థం. అది పనిలో లోపం, మోసం కాకపోవచ్చు. నీళ్లు గులాబీరంగుకి తిరిగితే మాత్రం అనుమానించాల్సిందే. ఎర్ర ఎందుకు దిగకూడదో చూడండి. ఎరుపు కావలసినచోట కలంతో పూసేది రంగు కాదు, పటిక నీళ్లు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారేనీళ్లలో జాడించి, మంజిష్ఠ, చిరివేరు లాంటి ఎర్రరంగునిచ్చే వేర్లు వేసిన నీళ్లలో గుడ్డనంతా ఉడకబెడతారు. పటిక ఉన్నచోట రంగు పోగుని పట్టుకుంటుంది, లేనిచోట పైపైనే అంటుతుంది. ఆ పైపై మరకని ఆవుపేడ నీళ్లలో నానేసి, ఎండలో తడుపుతూ ఆరబెడుతూ పోగొడతారు. ఇన్ని ఉడుకులూ ఎండలూ తట్టుకున్న ఎరుపు మీ బకెట్ చన్నీళ్లకి కరగదు. పారేనీళ్లు అని నొక్కి చెప్పడానికి కారణముంది. తొట్టి నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కనున్న తెల్లచోట్లకి అంటుకుని, ఉడకబెట్టాక అక్కడ కూడా గులాబీ నీడ పడుతుంది. కాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి ఆ నీళ్లూ ఇసుకా పెద్ద అండ.

చీరని పరీక్షించాలంటే వెలుతురులో తిరగేయండి. కలంతో గీసిన గీత వెనక్కి దిగి ఉంటుంది, ముందుకంటే కాస్త పలచగా. ఒకే నెమలి రెండుచోట్ల ఉంటే రెండింటి కన్నూ పక్కపక్కన పెట్టి చూడండి. చేతిగీతలో మొదలుపెట్టినచోట లావు, తిప్పినచోట సన్నం, రసం అయిపోవచ్చినచోట లేత ఉంటాయి, ఏ రెండూ అచ్చంగా కలవవు. రెండు కళ్లలోనూ ఒకే వంకర ఒకేచోట ఉంటే అది అచ్చో స్క్రీనో. అచ్చు అంటే తక్కువది అనుకోకండి. మచిలీపట్నం పక్కనున్న పెడనలో చెక్క అచ్చులతో వేసేదీ కలంకారీయే, దాని చరిత్ర దానికుంది. అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి అతుకు, కొంచెం జరిగిన అంచు కనబడతాయి. అచ్చు చీరని కలంచీర ధరకి అమ్మితేనే మోసం. డిజిటల్ ప్రింటయితే వెనకవైపు తెల్లబోయినట్టు ఉంటుంది. కొంగు చివర ఒక పోగు లాగి కాల్చండి. నూలయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది.

తడిపిన తెల్ల చేతిరుమాలుతో ఒక్కో రంగు మీద పదిసార్లు రుద్ది చూడండి. ఎరుపు అంటకూడదు. నలుపు నుంచి బూడిద జాడ, పసుపు నుంచి కొంచెం పచ్చదనం వస్తే కంగారు పడొద్దు. నీలం అంటినా వెంటనే తప్పు పట్టొద్దు, నీలిమందు స్వభావమే అది. నీలిమందు నీళ్లలో కరగదు. తొట్టిలో పులియబెట్టి గుడ్డని ముంచి తీస్తే, గాలి తగిలాక నీలం తేలుతుంది. అలాంటిదాన్ని కలంతో పూయడం కష్టం, అందుకే కలం చీరలో రెడీమేడ్ రంగు దూరడానికి ఎక్కువ అవకాశం నీలంలోనే. కొనేటప్పుడు నీలానికి ఏం వాడారు అని విడిగా అడగండి.

ఇంటి పరీక్షలు ఒక హద్దు దాకానే వస్తాయి. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థాల్లో ముఖ్యమైనది అలిజరిన్. 1860ల చివర జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు దాన్నే ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు పొడిగా దొరుకుతుంది, అచ్చు పనిలో బాగా వాడతారు. వేరులోంచి వచ్చిన అలిజరినైనా డబ్బాలోంచి వచ్చినదైనా అణువు ఒకటే కాబట్టి చేతిరుమాలూ నిమ్మచుక్కా ఆ తేడా చెప్పలేవు. అక్కణ్నించి మనిషి మాట మీదే ఆధారపడాలి. ఆ మాటని కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. కసిమి ఎన్నాళ్లు పులిసింది, ఎరుపుకి ఏం ఉడికించారు, ఎక్కడ జాడించారు, పసుపు కోసం మళ్లీ పాలు పట్టించారా అని అడగండి. పని తెలిసినవారు ఆగకుండా చెబుతారు, ఏడాదిలో ఏ నెలల్లో పని సరిగా రాదో కూడా చెబుతారు. అన్నీ నాచురల్ అండీ, ఎంత ఉతికినా ఒక్క చుక్క రంగు పోదు అన్నవారినే నేనైతే నమ్మను. ఆ రెండు మాటలూ ఒకే చీరకి అతకవు. ధర కూడా మాట్లాడుతుంది. చీర నిండా కలంపని వారాల తరబడి సాగుతుంది, అది రెండు వేలకి రాదు.

ఇప్పుడు ఉతకడం. మొదటి మూడుసార్లు ఆ చీర ఒక్కదాన్నే, నిండు బకెట్ చన్నీళ్లలో పది నిమిషాలు ముంచి, జాడించి తీసేయండి. సబ్బు అక్కర్లేదు. రాళ్లుప్పు వేయమని చాలామంది చెబుతారు. పటికతో కట్టిన రంగుకి ఉప్పు వల్ల ఒరిగేదేమీ లేదు. వెనిగర్ వేయమన్న సలహా మాత్రం అస్సలు వినకండి, నిమ్మచుక్క ఒకచోట చేసిన పనిని అది చీరంతా చేస్తుంది. మురికయితే ఎనిమిది పది కుంకుడుకాయలు గింజ తీసి, లీటరు నీళ్లలో రాత్రి నానేసి, పొద్దున పిసికి, పలచని గుడ్డలో వడగట్టి బకెట్లో కలపండి. వడగట్టకపోతే తొక్కుల రసం లేత మరకలు వేస్తుంది. బట్టలసోడా, ఘాటైన సబ్బుపొడి తగిలితే మంజిష్ఠ ఎరుపు వంకాయరంగు వైపు తిరిగి మసకబారుతుంది. నానబెట్టి మరిచిపోవద్దు, పావుగంట మించితే ఎక్కువే. మెలితిప్పి పిండకుండా ఒత్తి నీళ్లు తీసి, తిరగేసి నీడలో ఆరేయండి. పట్టు మీద వేసిన కలంకారీకి ఇదేదీ వర్తించదు, దాన్ని పెట్రోల్ వాష్‌కే ఇవ్వండి.

ఎండ దెబ్బ ముందు తగిలేది పసుపుకి. ఆకుపచ్చ అంటే నీలం మీద పసుపు పూసినదే, కాబట్టి పసుపు వెలిస్తే ఆకులు నీలంగా మిగులుతాయి. కోరమాండల్ తీరం నుంచి వందల ఏళ్ల కిందట ఐరోపాకి వెళ్లిన అద్దకాల్లో నీలిరంగు ఆకులు కనిపించేది అందుకే. గీసినవారు నీలి ఆకులు గీయలేదు.

మీ ఊరి బోరు నీళ్లు బకెట్‌కి ఎర్రటి చారలు పెట్టేవయితే అందులో ఇనుముందని లెక్క. ఆ నీళ్లతో ఉతికితే గుడ్డలో మిగిలిన కరక్కాయ వగరు ఆ ఇనుముని పట్టుకుని చీర నేలంతా బూడిదరంగుకి దిగుతుంది. వాననీళ్లో మున్సిపాలిటీ నీళ్లో పట్టుకోండి. తుప్పుపట్టిన పిన్నీసు, ఇనుప హేంగరు, పాత ట్రంకుపెట్టె మూత చేసే చెరుపు కూడా ఇదే: తడి తగిలితే కసిమి పనిని అవి తప్పుచోట చేసి నల్లచుక్క పెడతాయి. కొంగుకి స్టీలు పిన్ను వాడి, ఇంటికి రాగానే తీసేయండి.

గంజి కావాలంటే పలచగా, ఒక గ్లాసు అన్నపుగంజి అర బకెట్‌కి సరిపోతుంది. నెలల తరబడి దాచేముందు ఆ గంజి జాడించి తీసేయాలి, లేకపోతే పురుగులు గంజితోపాటు గుడ్డనీ తింటాయి. పాత నూలుపంచెలో చుట్టి పెట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి. ఇనుము కాలం గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది, పాతబడిన అద్దకాల్లో ముందు చిరిగేది నల్లగీత వెంబడే. మడత మార్చేటప్పుడు దట్టంగా నలుపున్న అంచు మీద మడత పడకుండా, అరంగుళం పక్కకి జరిపి వేయండి.