పేరు అడగకుండా ఫొటో పంపకు

భద్రాచలం

అమ్మలూ,

నువ్వు పెట్టిన గోదావరి వీడియో చూశాను. నీకంటే ముందు వేరేవాళ్లెవరో నాకు పంపారు. అప్పటికే నీ పేరు ఎగిరిపోయింది, ఎవరిదో పేజీ ముద్ర పడింది. దానికి బాధపడకు. నా వార్తలు సగం పేరు లేకుండానే అచ్చయ్యాయి. నాకు దిగులేసింది ఆ వీడియో మీద నువ్వు రాసిన మాటకి: 'భద్రాచలం మునిగిపోతోంది!' అని. నువ్వు తీసింది స్నానఘట్టాల దగ్గర. వరదొస్తే ముందు మునిగేవి ఆ మెట్లే కదా.

మన ఊళ్లో గోదావరిని అడుగుల్లో చెప్పుకుంటారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6, మొన్న 2022 జూలైలో 71.3. ఈ లెక్క టీ కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. 'ఉదయం 6 గంటలకు 44 అడుగులు, ఇంకా పెరుగుతోంది' అని రాసి ఉంటే, లోతట్టున ఉండేవాళ్లు సామాను అటక మీదికి ఎక్కించాలా వద్దా తేల్చుకునేవారు. తేదీ, టైము వీడియో మీదే వేయి, కింద రాస్తే ఊడిపోతుంది. 2022 నాటి వీడియోలు వానాకాలం రాగానే మా వాట్సాప్ గ్రూపుల్లోకి మళ్లీ వచ్చేస్తున్నాయి, చూసిన ప్రతిసారీ మీ పెద్దమ్మ గుండె జారిపోతోంది.

ఇంకో సంగతి. జూమ్ చేసి తీస్తే ఎక్కడో ఉన్న నీళ్లు ఇళ్ల గోడలకు ఆనుకున్నట్టే కనిపిస్తాయి. అందుకని కొలతకు ఏదో ఒకటి ఫ్రేములో ఉండాలి: కరెంటు స్తంభమో, మోకాలి లోతులో నిలబడ్డ మనిషో. అసలు ఫైలు చెరపకు, తీసిన టైము దాంట్లో ఉంటుంది. పేపరు ఆఫీసు డెస్క్‌కి వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు. ఇవన్నీ నాకు మొన్నమొన్ననే మా కుర్ర విలేకరి నేర్పాడులే.

నేను పాడు చేసిన ఫొటో గురించి నీకెప్పుడూ చెప్పలేదు. 1986 వరద తగ్గాక బడిలో పెట్టిన శిబిరానికి వెళ్లాను. అరువు కెమెరా, రీలులో 36 ఫొటోలు, అందులో సగం అప్పటికే అయిపోయాయి. ఒక పెద్దావిడ, ఒక పిల్లాడు, ఇద్దరి చేతుల మధ్య అన్నం పొట్లం. మంచి వెలుగు. తీసి, రీలు కవర్లో పెట్టి విజయవాడ బస్సు డ్రైవర్ చేతికిచ్చేశాను. 'అన్నం కోసం చేయి చాచిన వృద్ధురాలు' అని కింద రాసింది నేనే. తీరా చూస్తే ఆవిడ పొట్లం ఇస్తోంది. పూటకూళ్లు నడుపుకునే మనిషి, ఇంట్లో తడవకుండా మిగిలిన బియ్యమంతా వండి తెచ్చిందట. ఒక్క మాట అడిగుంటే తెలిసేది. ఆవిడ నన్నేమీ అనలేదు. వాళ్లబ్బాయి మాత్రం ఆ పేపరు మడిచి నా చొక్కా జేబులో పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వచ్చింది, ఎవరు చూస్తారు? ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ వీధిలోకి సైకిల్ తిప్పలేదు నేను.

అందుకే చెబుతున్నా, ఫొటో తీయగానే ఫోను కిందికి దించి పేరు, ఊరు, అక్కడ ఏం చేస్తున్నారో అడుగు. వాళ్ల గొంతుతోనే రికార్డు చేసుకో, ఇంటిపేర్లు తప్పు పోవు. వద్దంటే తుడిచెయ్యి. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం కేసుల్లో మాత్రం అడగనే వద్దు. పేరు, ముఖం, బడి, వీధి ఏదీ బయటపడకూడదు. పోక్సో చట్టం ఒప్పుకోదు. బంధువుల ఇంటిని చూపించినా ఊళ్లోవాళ్లకు అర్థమైపోతుంది.

తప్పు దొర్లితే పోస్టు గుట్టుగా మాయం చేయకు. ఎక్కడ రాశావో అక్కడే, 'ఇది తప్పు, సరైనది ఇదీ' అని పెట్టు. మా కాలంలో లేని సదుపాయం అది.

సెలవుల్లో వార్తలు దొరకడం లేదన్నావు. సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి కెమెరా తీయకుండా బెంచీ మీద కూర్చో. అదే అర్జీ మూడోసారి తెచ్చినవాళ్లు నీకు కనిపిస్తారు. వాళ్ల వెంట ఊరికి వెళ్లు. పంచాయతీలో కాగితాలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు. 30 రోజులు ఆగాలి. ఆ ఆగడం మీ తరానికి కష్టమే.

ఆ పెద్దావిడ మనవడు ఈ మధ్య బజార్లో కనబడి, నానమ్మ ఫొటో ఇంకెక్కడా లేదు, మీ దగ్గరుందా అని అడిగాడు. నెగెటివ్ దొరికింది గానీ అంచుల్లో చెమ్మ పట్టింది. నీకు స్కానింగ్ వచ్చన్నావు కదా, ఆదివారం రా. ప్రింటు తీయించి ఇద్దరం కలిసి ఇచ్చొద్దాం. కింద రాయాల్సిన లైను ఈసారి వాళ్లనడిగి రాస్తాను.

ఇట్లు
పెదనాన్న